చాయ్ తాగొచ్చేసరికి మారిపోయిన ఫోకస్: ఒక రీలు కెమెరా కేసు

నల్లగొండలో కెమెరాలు రిపేరు చేయబట్టి ఇరవై ఆరేళ్లు దాటింది. పని నేర్చుకున్నది హైదరాబాద్ కోఠిలో, ఒక ఉస్తాద్ దగ్గర. డిజిటల్ వచ్చాక రీలు కెమెరాలు నా బల్ల మీదికి రావడం దాదాపు ఆగిపోయింది. మూడు నాలుగేళ్లుగా మళ్లీ మొదలైంది. నాయనదో, మేనమామదో బీరువాలో పడి ఉన్న కెమెరా పట్టుకొని పాతికేళ్ల పిల్లలు వస్తున్నారు. వాటిలో ఎక్కువ భాగం సెల్స్ కారి తుప్పు పట్టినవో, లెన్స్‌లో బూజు పట్టినవో. చూడగానే రోగం తెలుస్తుంది. ఇప్పుడు రాస్తున్నది అలా తెలియని కేసు. మూడుసార్లు తప్పుదారి పట్టాను, మూడోసారి కెమెరాను పాడు చేశాను కూడా. తెచ్చిన అబ్బాయి పేరు, ఊరు రాయడం లేదు. కెమెరా కంపెనీ పేరూ రాయడం లేదు. ఆ కాలపు ఆటోఫోకస్ కెమెరా ఏదైనా లోపలి సంగతి కొంచెం అటూ ఇటుగా ఇదే.

మనిషి, కెమెరా

అబ్బాయిది చేనేత కుటుంబం. పాత నల్లగొండ జిల్లాలో ఉండి, 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయిన పోచంపల్లి వైపు. పెళ్లిళ్లకు డిజిటల్ ఫోటోలు తీసి బతుకుతాడు. రీలు మీద తీయాలన్న కోరికకు అతనికొక కారణం ఉంది. వాళ్ల నానమ్మ ఇంకా చేత్తోనే ఆసు పోస్తుంది, అంటే రంగు అద్దకముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి చుడుతుంది. చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశాక చాలా ఇళ్లలో ఆడవాళ్ల భుజాలకు ఆ చాకిరీ తప్పింది. ఆ పనికే ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. మంచిదే జరిగింది, కానీ చేతి ఆసు ఇక ఎన్నాళ్లో కనపడదు. దాన్నీ, రంగు అంటకుండా నూలును అక్కడక్కడా బిగించే చిటికి కట్టడాన్నీ, గుంట మగ్గాన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో తీసి దాచుకోవాలని ఈ అబ్బాయి ఆశ.

కెమెరా వాళ్ల పెదనాన్నది. 1980ల చివర్లో వచ్చిన మోడల్. 1985లో మినోల్టా 7000 బాడీలోనే మోటార్ పెట్టి ఆటోఫోకస్‌ను జనంలోకి తెచ్చింది. 1987లో కెనాన్ ఈఓఎస్‌తో మోటార్‌ను లెన్స్‌లోకి మార్చింది. మన కెమెరా మొదటి రకం. మౌంట్ (లెన్స్ బిగించే చోటు) అంచున చిన్న స్క్రూడ్రైవర్ మొన లాంటిది ఉంటుంది, అది తిరిగి లెన్స్‌ను తిప్పుతుంది. నాలుగు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. ఫోకస్ చూసే సెన్సర్ ఒకే ఒక అడ్డగీత. అడ్డంగా ఉన్న సెన్సర్‌కు నిలువు గీతలే కనిపిస్తాయి. అడ్డగీతల చీర ముందు పెడితే గుడ్డిదైపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, నన్ను మొదట తప్పుదారి పట్టించింది ఇదే.

అతను చెప్పింది

"చుక్క ఎలుగుతది అన్నా. ఫోటో పడతది. కడిగించినంక చూస్తే నానమ్మ ముఖం మబ్బు మబ్బు."

చుక్క అంటే వ్యూఫైండర్‌లో ఫోకస్ కుదిరిందని చెప్పే ఆకుపచ్చ లైటు. అంటే కెమెరాకు ఫోకస్ దొరకక తడుముకోవడం లేదు. దొరికిందని ధైర్యంగా చెప్పి తప్పు చేస్తోంది. ఈ రెండు రోగాలూ వేరు. తడుముకునే కెమెరా అయితే వెలుతురు, సెల్స్, సెన్సర్ మీద దుమ్ము చూసుకుంటాం. ధైర్యంగా తప్పు చెప్పే కెమెరాలో కొలతే తప్పింది.

రెండు రోల్స్ తీశాడు. బయట ఎండలో తీసినవి బాగున్నాయి. ఇంట్లో తీసినవి పాడయ్యాయి. అతను ఫోన్‌లో చూపించిన స్కాన్లు పక్కన పెట్టి నెగెటివ్‌లు తెమ్మన్నాను. స్కాన్ చేసేవాళ్లు షార్ప్‌నెస్ పెంచుతారు, దాంతో అసలు విషయం మరుగున పడుతుంది. ఫోన్ స్క్రీన్ తెల్లగా పెట్టి, దాని మీద నెగెటివ్ పరిచి, లూప్‌తో, అంటే కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దంతో, ఒక్కో ఫ్రేమ్ చూశాను. నేను చూసింది ఒక్కటే: ఫ్రేమ్‌లో ఎక్కడైనా ఏదైనా షార్ప్‌గా ఉందా? ఎక్కడా లేకపోతే చెయ్యి వణికినట్టు. ముఖం మబ్బుగా ఉండి ఇంకోటి షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పినట్టు. నానమ్మ ఫోటోల్లో ఆమె కళ్లు కరిగిపోయి ఉన్నాయి. ఆమెకు జానెడు ముందున్న ఆసు మేకులు మాత్రం ఒక్కోటీ లెక్కపెట్టేంత స్పష్టం. ఫోకస్ ముందుకు పడుతోంది.

ఎండలో ఎందుకు బాగున్నాయి? ఎండలో ఎఫ్/8 దగ్గర తీశాడు, ఇంట్లో చీకటికి ఎఫ్/1.8 దగ్గర. ఎఫ్ నంబరు లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెబుతుంది, నంబరు తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. 50 ఎంఎం లెన్స్‌తో రెండు మీటర్ల దూరంలో మనిషిని తీస్తే ఎఫ్/1.8 దగ్గర షార్ప్‌గా వచ్చే లోతు ముందూ వెనకా కలిపి 17 సెంటీమీటర్లు. ఎఫ్/8 దగ్గర అదే దాదాపు 80. జానెడు తప్పు ఎండలో కడుపులో దాగిపోతుంది, ఇంట్లో ముఖం మీదికి వస్తుంది. కాబట్టి బయట బాగుంది, ఇంట్లో పాడైంది అన్నదాన్ని బట్టి తప్పు వెలుతురుదని అనుకోకూడదు. తప్పు రెండుచోట్లా ఉంది.

మొదటి దారి: చీర మీద నెపం

చీరల ఫోటోలు కూడా చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ముందుకు, కొన్ని వెనక్కి పోయాయి, కొన్ని ఫర్వాలేదు. చూడగానే నా బుర్రలో ఒక కథ తయారైంది. ఇక్కత్ డిజైన్ అంటే ఒకే బుటా మళ్లీ మళ్లీ. ఆటోఫోకస్ లెన్స్ రెండు పక్కల నుంచి వచ్చే రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి, ఎంత జరిపితే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయో లెక్కేస్తుంది. ఒకేలాంటి బుటాలు వరుసగా ఉంటే పక్క బుటాతో జత కలిపేసి కుదిరిందనుకుంటుంది. పైగా ఇక్కత్‌లో నూలుకు ముందే చిటికి కట్టి రంగు అద్దుతారు కాబట్టి నేసేటప్పుడు రంగు అంచులు అటూ ఇటూ జరిగి సహజంగానే ఈకల్లా మసగ్గా ఉంటాయి. ఆ మసకే ఇక్కత్ అందం. ఆటోఫోకస్‌కు మాత్రం అది గడ్డు. నెగెటివ్ చూసే మనకు కూడా గడ్డే. బుటా అంచు చూసి ఫోకస్ తప్పిందని తీర్పు చెప్పకూడదు, పోగు చూడాలి.

ఇదంతా నిజమే. నిజం కావడమే ప్రమాదం అయింది. చీరలకు సరిపోయిన కారణాన్ని నానమ్మ ముఖానికి కూడా అంటగట్టేశాను. కళ్లు, కనుబొమలు అడ్డంగా ఉంటాయి కదా, అడ్డ సెన్సర్‌కు కనపడలేదు, వెనకున్న నూలు పోగుల్నో ముందున్న మేకుల్నో పట్టుకుంది అనుకున్నాను. సెల్స్ డబ్బా చూశాను, శుభ్రంగా ఉంది. మౌంట్ కాంటాక్టులు తుడిచాను. లోపల పైన మిర్రర్ తగిలే చోట ఫోమ్ చూశాను. ఈ కాలపు కెమెరాల్లో ఆ ఫోమ్ తారులా కరిగి జిగటగా తయారవుతుంది, అందుకని మొదట దాన్నే అనుమానిస్తాను. ఇందులో కొత్త ఫోమ్ ఉంది, అంచులు తీరుగా కోసి అతికించారు. ‘ఎవరో పనిమంతుడే మార్చాడు’ అనుకొని ఫోమ్ అనుమానాన్ని కొట్టేశాను. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

అబ్బాయికి సలహా ఇచ్చి పంపాను: ముఖం తీసేటప్పుడు కెమెరాను నిలువుగా తిప్పి కళ్ల మీద ఫోకస్ పట్టు, చీర అయితే కొంగు అంచు మీద పట్టు, పట్టాక బటన్ సగం నొక్కే ఉంచి ఫ్రేమ్ సర్దుకో. డబ్బులు తీసుకోలేదు. పని చేయలేదు కదా అని.

పన్నెండు రోజులకు మూడో రోల్ నెగెటివ్‌తో వచ్చాడు. ముఖం మీద కోపం లేదు, అదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. నిలువుగా తిప్పి తీసిన నానమ్మ ఫోటోలు కూడా ముందుకే పడ్డాయి. చూపు ఆమె ముక్కు ముందు గాలిలో ఎక్కడో నిలిచింది. గాలిలో గీతలుండవు. సెన్సర్ ఏదో తప్పు వస్తువును పట్టుకుందన్న నా కథ అక్కడే చచ్చిపోయింది. సెన్సర్ సరైన వస్తువునే చూస్తోంది, దూరం తప్పు చెబుతోంది.

అగ్గిపెట్టెలు

ఈసారి కెమెరా ఉంచుకున్నాను. రీలు కెమెరాతో ఉన్న పెద్ద తంటా ఏమిటంటే, తీసింది చూడాలంటే కడిగించాలి. ఒక్కో ప్రయోగానికి పది రోజులు అంటే జీవితం సరిపోదు. అందుకని రీలు ఉండే చోట గరుకు గాజు పెట్టి చూస్తాం. వెనక మూత తెరిస్తే రీలు నడిచే దారికి రెండు జతల పట్టాలు ఉంటాయి. లోపలి జత మీద రీలు ఆనుతుంది, బయటి జత మీద మూతకున్న ఒత్తుడు పలక ఆనుతుంది. గాజు లోపలి జత మీద, గరుకు వైపు లెన్స్ వైపుకు పెట్టాలి. బయటి జత మీద పెడితే మొత్తం కొలత తప్పవుతుంది. ఇది తెలియక చాలామంది మంచి కెమెరాలను పాడు చేస్తారు. షట్టర్‌ను బల్బ్‌లో (నొక్కినంతసేపూ తెరిచే ఉండే సెట్టింగ్) పెట్టి కేబుల్‌తో తెరిచి పట్టుకుంటే గాజు మీద బొమ్మ పడుతుంది. లూప్‌తో చూస్తాం.

బల్ల మీద ఏడు అగ్గిపెట్టెలు నిలబెట్టాను, ఒకదాని వెనక ఒకటి అయిదు సెంటీమీటర్ల తేడాతో, పక్కలకు కూడా జరిపి. కెమెరాకు దగ్గరిది ఒకటో పెట్టె, దూరంది ఏడోది. వ్యూఫైండర్‌లో గీసిన చతురస్రం కంటే సెన్సర్ కొంచెం పెద్దదే చూస్తుంది, పక్క పెట్టె మీదికి చూపు పోకూడదు. నాలుగో పెట్టె మీద నిలువు గీతల కాగితం అంటించాను. కెమెరా నాలుగో పెట్టెకు మీటరున్నర దూరంలో. ఆ దూరంలో ఎఫ్/1.8 దగ్గర లోతు పది సెంటీమీటర్లే, అందుకని పెట్టెకూ పెట్టెకూ తేడా లూప్‌లో తెలుస్తుంది.

మొదట ఆటోఫోకస్ ఆపేసి, వ్యూఫైండర్‌లో కంటితో చూసి చేత్తో నాలుగో పెట్టెకు ఫోకస్ పెట్టాను. గాజు మీద నాలుగే షార్ప్. ఈ ఒక్క పరీక్షతో సగం కెమెరా నిర్దోషి అయింది. ఎందుకంటే ఇలాంటి కెమెరాలో వెలుతురు మూడు దారుల్లో పోతుంది. అద్దం లేచినప్పుడు రీలుకు. అద్దం దిగి ఉన్నప్పుడు పైకి తిరిగి మన కంటికి. అద్దం నడిమి భాగం కొంచెం వెలుతురును లోపలికి వదులుతుంది, ఆ వెలుతురు వెనక వేలాడే చిన్న అద్దానికి తగిలి కిందికి తిరిగి, అడుగున ఉన్న ఆటోఫోకస్ సెన్సర్‌కు చేరుతుంది. ఆ చిన్న అద్దాన్ని సబ్ మిర్రర్ అంటారు, మా ఉస్తాద్ దాన్ని పిల్ల అద్దం అనేవాడు. మూడు దారుల పొడవూ సమానంగా ఉండాలి. కంటికీ రీలుకూ కుదిరింది కాబట్టి లెన్స్, మౌంట్, పెద్ద అద్దం, వ్యూఫైండర్ స్క్రీన్ అన్నీ బాగున్నట్టే. మూడో దారి ఒక్కటే తప్పింది.

తరువాత మోటార్ సంగతి. ఆటోఫోకస్ ఆపే ఉంచి, చేత్తో రింగు తిప్పుతూ ఆకుపచ్చ చుక్క ఎక్కడ వెలుగుతుందో చూశాను. అక్కడ ఆపి గాజు మీద చూస్తే రెండో పెట్టె షార్ప్. మోటార్ తిరగకుండానే చుక్క అబద్ధం చెప్పింది. కాబట్టి మోటార్, పళ్ల చక్రాలు, స్క్రూ మొన ఏవీ కారణం కాదు. నా దగ్గరున్న ఇంకో 50 ఎంఎం పెట్టాను, అదే తప్పు. అతని లెన్స్‌ను నా బాడీకి పెట్టాను, తప్పు లేదు.

ఇక ఆటోఫోకస్ మీద పది సార్లు చూశాను. ఒక్కోసారి నాలుగో పెట్టె మీద ఫోకస్ పట్టించి, స్విచ్ మాన్యువల్‌కు మార్చి, రింగు తాకకుండా బల్బ్‌లో తెరిచి చదివాను. రెండో పెట్టె అయిదుసార్లు, మూడోది మూడుసార్లు, నాలుగోది రెండుసార్లు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

స్క్రూ తిప్పాను

పిల్ల అద్దం దిగినప్పుడు పక్క గోడకున్న ఒక చిన్న పిన్నుకు ఆనుకొని నిలుస్తుంది. ఆ పిన్ను మధ్యకు కాకుండా పక్కకు జరిపి చేసి ఉంటుంది, తిప్పితే అద్దం వాలు వెంట్రుకవాసి మారుతుంది, ఫోకస్ ముందుకో వెనక్కో జరుగుతుంది. సగటున తప్పు ముందుకే ఉంది కదా అని ఆ పిన్ను తిప్పాను. కొంచెం తిప్పడం, చూడడం, మళ్లీ తిప్పడం. సాయంత్రానికి పదిలో ఎనిమిదిసార్లు నాలుగో పెట్టె వచ్చింది. సంతోషంగా దుకాణం షట్టర్ దించి ఇంటికి పోయాను. తిప్పకముందు పిన్ను ఎక్కడుందో రంగు చుక్క పెట్టుకోలేదు. అప్రెంటిస్ చేస్తే తిట్టే పని అది.

పొద్దున్నే వచ్చి మొదటిసారి చూస్తే ఆరో పెట్టె. వెనక్కి పోయింది! మళ్లీ చూశాను, అయిదు. మళ్లీ, నాలుగు. ఆ తరువాత నాలుగే. చేతులో, కళ్లో, సెల్సో ఏదో నన్ను ఆడిస్తోంది అనిపించింది. టెన్షన్ వచ్చి, వదిలేసి ఎదురుగా చాయ్ తాగడానికి పోయాను. పావుగంటకు తిరిగొచ్చి చూస్తే మళ్లీ ఆరు.

అప్పుడు పట్టింది. నిన్న పది రీడింగుల్లో నాలుగో పెట్టె వచ్చిన రెండుసార్లూ ఏం జరిగిందో కాగితం చూసుకున్నాను. ఒకసారి పాస్‌పోర్ట్ ఫోటో స్టూడియో ఎక్కడని అడుగుతూ ఒక మనిషి వచ్చాడు, ఇంకోసారి ఇంటి నుంచి ఫోన్. రెండుసార్లూ కెమెరా కాసేపు ఖాళీగా ఉంది. అంటే ఈ కెమెరాలో తప్పు స్థిరంగా లేదు, విశ్రాంతితో మారుతోంది. వంకర అయిన వస్తువు అయితే ఎప్పుడూ ఒకేలా వంకరగా ఉంటుంది. వదులైన వస్తువు అటూ ఇటూ పడుతుంది. నిదానంగా తన చోటికి వచ్చే వస్తువు అంటే జిగట.

ఊహ మీద మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. షట్టర్ కొట్టిన అయిదు సెకన్లకు చూస్తే నాలుగు. నిమిషానికి అయిదు. అయిదు నిమిషాలకు ఆరు. మూడుసార్లు చేసినా అదే వరుస. సెల్స్ కాసేపటికి కోలుకొని ఇలా చేస్తున్నాయేమో అన్న అనుమానం కూడా తీర్చుకున్నాను. పది నిమిషాలు వదిలేసి, షట్టర్ కొట్టకుండా బటన్ సగం నొక్కి ఇరవై సార్లు ఫోకస్ చేయించి, ఇరవయ్యోదాన్ని చదివాను. ఆరే. సెల్స్‌కు పని పెట్టినా మారలేదు. వెంటనే ఒకసారి షట్టర్ కొట్టి చూస్తే నాలుగు. మార్చేది అద్దం కదలిక ఒక్కటే.

ఇంకో సంగతి కూడా దీంతో తేలింది, అది నాకు నచ్చలేదు. పూర్తిగా ఆనిన అద్దంతో ఇప్పుడు ఆరు వస్తోంది. నేను తిప్పకముందు పూర్తిగా ఆనినప్పుడు నాలుగు వచ్చేది. అంటే కంపెనీ పెట్టిన సెట్టింగ్ సరిగ్గానే ఉండింది. అద్దం పూర్తిగా ఆనకపోవడం రోగం అయితే, నేను రోగానికి సరిపడేలా కెమెరాను వంచాను. పెళ్లిలో వరసగా కొట్టేవాడికి అది బాగానే పనిచేసేది, నిదానంగా తీసే ఈ అబ్బాయికి ఇంకా పాడు చేసేది.

తీగపాకం

సెల్స్ తీసేసి, లెన్స్ తీసేసి, వెదురు పుల్లతో పెద్ద అద్దం అంచు పట్టి మెల్లగా పైకి లేపాను. టార్చ్ పక్కవాటుగా కొట్టి, భూతద్దంతో పిన్ను వైపు చూస్తూ. పిల్ల అద్దం పిన్ను నుంచి విడిపోతుంటే రెంటి మధ్య సన్నని నల్లటి తీగ సాగింది. బెల్లం తీగపాకానికి వచ్చినప్పుడు వేళ్ల మధ్య సాగుతుంది చూడండి, అచ్చం అలాగే. సాగి, తెగి, పిన్ను మీద ముద్దగా కూర్చుంది.

అద్దం దిగిన ప్రతిసారీ ఆ ముద్ద మీద ఆగుతోంది. సన్నని స్ప్రింగ్ దాన్ని నొక్కుతూ నొక్కుతూ కొన్ని నిమిషాలకు పిన్ను దాకా చేరుస్తోంది. నానమ్మ ఫోటోలు వరసగా తీస్తాడు కాబట్టి అద్దానికి చేరే టైమ్ దొరకలేదు.

ఆ నల్లటిది ఏమిటో వాసనే చెప్పింది. కరిగిన పాత ఫోమ్. ఆ ఫోమ్ పాలీయురథేన్, గాలిలో తేమకు ఏళ్ల తరబడి విరిగి తారవుతుంది. కానీ ఫోమ్ ఉండేది పైకప్పు దగ్గర, పిన్ను ఉండేది కింద పక్క గోడకు. తారు తనంతట నడిచి రాదు. గోడ మీద టార్చ్ వేస్తే పైనుంచి పిన్ను దాకా సన్నని చార కనిపించింది, వాన నీళ్లు గోడ మీద కారినట్టు. ఎవరో పాత ఫోమ్ తుడిచేటప్పుడు స్పిరిట్ ఎక్కువ పోశారు. కరిగిన తారు స్పిరిట్‌తో కలిసి కిందికి కారి, పిన్ను దగ్గర ఆగి, స్పిరిట్ ఎగిరిపోయాక అక్కడే ఉండిపోయింది.

ఎవరో అని రాశాను. అప్పుడు కొత్త ఫోమ్ ముక్కను మళ్లీ చూశాను. రెండు చివరలూ ఏటవాలుగా కోసి ఉన్నాయి, మూల పైకి లేవకుండా. కోఠిలో ఉస్తాద్ నేర్పిన కోత అది. రిజిస్టర్ తీసి బాడీ నంబర్ వెతికాను. రెండేళ్ల కింద ఒక పెద్దమనిషి తెచ్చాడు, ‘ఫోమ్ మార్పు, క్లీనింగ్’ అని నా చేతిరాతే ఉంది. ఆయనే ఈ అబ్బాయి పెదనాన్న. మొదటిరోజు నేను మెచ్చుకున్న పనిమంతుడిని నేనే.

ఎలా జరిగిందో కూడా గుర్తొచ్చింది. ఫోమ్ తుడిచేటప్పుడు కెమెరాను తలకిందులుగా పట్టుకోవాలి. అప్పుడు ఫోమ్ ఉండే చోటు అడుగవుతుంది, కారేది కింద పడుతుందే తప్ప అద్దాల వైపు రాదు. ఆ ఏడాది నా మెడ నొప్పికి కెమెరాను స్టాండ్ మీద మామూలుగా నిలబెట్టి తుడవడం మొదలుపెట్టాను. పని సులువుగా ఉందనిపించింది. ఫోమ్ మార్చిన రోజు పరీక్షించినప్పుడు అంతా బాగానే ఉండి ఉంటుంది. ఒక్కసారి ఫోకస్ చూసి, తృప్తిపడి, ఇచ్చేసి ఉంటాను.

బాగుచేసింది

శుభ్రం చేయడం కష్టం కాదు, ఓపిక కావాలి. ఇయర్‌బడ్ వాడలేదు, దాని పీచు వదులుతుంది, పైగా లావు. పంటిపుల్ల మొనకు లెన్స్ టిష్యూ చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండి, దాదాపు పొడిగా చేసి పిన్నుకు తాకించాను. తోయకూడదు, బయటికి లాగాలి. ఒక్కో టిష్యూ ఒక్కసారే. పద్నాలుగు టిష్యూలు నల్లబడ్డాయి, పదిహేనోది తెల్లగా వచ్చింది. పిల్ల అద్దం పిన్నుకు ఆనే అంచును కూడా అలాగే తుడిచాను. రెండు అద్దాల ముఖాలకూ కాగితం అడ్డం పెట్టాను. ఇంట్లో అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది, ఈ అద్దాలకు ముందే ఉంటుంది, గుడ్డ తాకితే చారపడుతుంది. అడుగున సెన్సర్ కిటికీ మీద నూలు పీచు కొంచెం ఉంది, మగ్గం ఇంటి పీచు. దాన్ని బ్లోయర్‌తో ఊదాను, తాకలేదు.

ఇక నేను చెడగొట్టిన పిన్ను. గుర్తు లేదు కాబట్టి మొదటి నుంచి. ఈసారి ప్రతి మలుపుకూ రెండు రీడింగులు: షట్టర్ కొట్టిన వెంటనే ఒకటి, అయిదు నిమిషాలు ఆగి ఒకటి. రెండూ ఒకటైతేనే ముందుకు పోవడం. శుభ్రం చేశాక రెండూ ఎప్పుడూ ఒకటే వచ్చాయి, జిగట పోయిందనడానికి అదే సాక్ష్యం. ఆరు నుంచి నాలుగుకు తేవడానికి గంటన్నర పట్టింది. తరువాత వరసగా పది, ఆగి ఆగి పది. దూరం నుంచి వస్తూ సగం, దగ్గర నుంచి పోతూ సగం, పళ్ల చక్రాల వదులు కూడా తేలిపోవాలని. ఇరవైలో పంతొమ్మిది నాలుగో పెట్టె. ఒకటి మూడు, అది నేను బల్లను తన్నినప్పుడు. ఈసారి పిన్ను తల మీద ఎర్ర రంగు చుక్క పెట్టాను.

గాజు మీద కుదరడం ఒకటి, రీలు మీద కుదరడం ఇంకొకటి. గాజు చదునుగా ఉంటుంది, రీలు కొంచెం వంగుతుంది. నా డబ్బులతో ఒక రోల్ కొని అబ్బాయికి ఇచ్చాను. ఫ్రేమ్ నంబరు, దూరం, ఎఫ్ నంబరు, వరసగా కొట్టావా ఆగి కొట్టావా అన్నది రాసుకోమన్నాను. అప్పుడే అసలు సంగతి కూడా చెప్పాను. రెండేళ్ల కింద మీ పెదనాన్న తెచ్చినప్పుడు చేసింది నేనే, తప్పు నాదే అని. కాసేపు కెమెరా వైపు చూసి, "మరి పెదనాన్న ఫోటోలు మబ్బుగ వస్తున్నయని దీన్ని బీరువాల పెట్టిండు. కండ్లు పోయినయేమో అనుకున్నడు అన్నా," అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

రోల్ కడిగి వచ్చింది. ముప్పై ఆరు ఫ్రేముల్లో నానమ్మవి ఇరవై రెండు, అన్నిట్లో కళ్లు షార్ప్. ఒక దాంట్లో వేలికి చుట్టుకున్న పోగు మీద పీచు కూడా కనిపిస్తోంది. గోడకు వేలాడదీసిన చీర నాలుగు ఫ్రేముల్లో రెండు ఇప్పటికీ తప్పాయి. అది ఈ సెన్సర్ గుణం, అందులో నేను చేయగలిగింది లేదు. చీరకు మాత్రం చేత్తో ఫోకస్ పెట్టుకొమ్మన్నాను. మొదటిరోజు ఇచ్చిన సలహాలో ఆ ఒక్క ముక్క మిగిలింది.

ఆ తరువాత రిజిస్టర్ మళ్లీ తీశాను. ఆ ఏడాది స్టాండ్ మీద నిలబెట్టి ఫోమ్ మార్చిన ఆటోఫోకస్ కెమెరాలు ఇంకో నాలుగు ఉన్నాయి. అందరికీ ఫోన్ చేశాను. ఇద్దరు తెచ్చారు. ఒకదానిలో ఏమీ లేదు. ఇంకోదానిలో గోడ మీద అదే చార ఉంది, పిన్నుకు ఇంకా చేరలేదు, అక్కడికక్కడే తుడిచి ఇచ్చాను. మూడో ఆయన కెమెరా అమ్మేశానన్నాడు. నాలుగోది మహబూబ్‌నగర్‌లో ఉంది, వచ్చే నెల అటు పనిమీద పోతున్నాను, అగ్గిపెట్టెలు బ్యాగులో పెట్టుకున్నాను.